కిటికీ మందు, కుళ్లుగుడ్డు మందు

అక్క మాస్కును ముఖం మీద నుంచి లాగి ఒళ్లో పడేసుకుని కుడిచేయి పైకెత్తింది. పిలవడానికి గొంతులో గాలి లేక ఎత్తిన చేయి అది. నేను పది అడుగుల దూరంలో, వరండా రెండో చివర పేపరు చదువుతున్నాను. ఆవిరి మిషను గుర్రుమని తిరుగుతూనే ఉంది. వరండా అంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ మందు వాసనే అంత కాబట్టి దానికి తలెత్తలేదు. చేయి చూసి లేచాను.

దగ్గరికి పోయేసరికి ఆమె భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. మెడ కింది గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. ఏళ్లుగా మాకు అలవాటైన పిల్లికూతలు కూడా ఆ నిమిషంలో సన్నబడిపోయాయి. కూతలు తగ్గితే మేలని అప్పటిదాకా అనుకునేవాణ్ని. గాలి కదిలితేనే కూత పుడుతుందని, గాలి నిలిచిపోతే కూతా ఉండదని ఆ పొద్దున తెలిసింది.

పక్కన స్టూలు మీద రెండు మందులున్నాయి. ఒకటి చిన్న గాజు సీసా, మెడ విరిచి ఉంది, ఖాళీ. రెండోది వేలంత ప్లాస్టిక్ గొట్టం, దాని మూత తిప్పనే లేదు. చూడగానే జరిగింది అర్థమైంది. తర్వాత పీల్చాల్సిన మందు ముందు పీల్చింది. ముందుది అసలు పీల్చలేదు. అర్థమయ్యాక నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. మందులు వాడే తీరు నేనే ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితం ఎక్కడుందా అని స్టూలు కింద వెతికాను.

బావ పురుగుల ఇంట్లో నుంచి వచ్చాడు. పట్టుపురుగులు మేపే షెడ్డును మా వైపు అట్లాగే అంటారు. చేతులకు, పురుగులకు రోగం రాకుండా చల్లే తెల్లటి పొడి. పంచెకు తుడుచుకుంటూనే అడిగాడు.

"ఏది పోసుకునింది?"

"గాజుది."

"ఇంగోటి?"

"పోయలేదు."

ఆయన మిషను కప్పులో మిగిలింది పెరట్లోకి విసిరికొట్టి, ప్లాస్టిక్ గొట్టం మూత తిప్పి, మందు కప్పులో పిండి, మాస్కు మళ్లీ అక్క ముక్కుకూ నోటికీ ఆనించి పట్టుకున్నాడు. "పీల్చు. మాట్లాడొద్దు. మాట్లాడితే కొడతా," అన్నాడు. పెళ్లైనప్పటి నుంచి ఆమె మీద చేయెత్తిన మనిషి కాదు. తర్వాత నా వైపు తిరిగి, "కింద ఏం వెతుకుతాండావప్పా? పక్కింటోళ్ల కారు పిలువు పో," అన్నాడు.

కారు వచ్చేసరికి పిల్లికూతలు మళ్లీ వినబడుతున్నాయి. అవి వినబడినందుకు సంతోషించడం అదే మొదటిసారి. బావ కారు ముందు తలుపు తీసి ఎక్కబోయాడు. అక్క వెనక సీట్లో నుంచి చేయి చాచి ఆయన భుజం మీద తట్టి, పురుగుల ఇంటి వైపు వేలు చూపించింది. ఆయన ఒక కాలు కారులో, ఒక కాలు నేల మీద పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత దిగిపోయాడు. నేను ఎక్కాను.

పురుగులు ఆ రోజు నాలుగో జ్వరం నుంచి లేస్తున్నాయి. పట్టుపురుగు పెరిగే క్రమంలో నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి పాత పొర విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగోది అయ్యాక వారం రోజులు అవి తినే తిండికి ఇంట్లో మనుషుల తిండి గుర్తుండదు. పురుగులన్నీ లేచాక మొదటి మేత ఎప్పుడు వేయాలో చూసి చెప్పేది అక్క. ముందు వేస్తే లేచినవి తిని పెద్దవవుతాయి, లేవనివి ఆకు కింద నలుగుతాయి. ఆలస్యం చేస్తే లేచినవి నీరసిస్తాయి. ఆ సమయం ఆమె చేతికే తెలుసు.

అక్క వాళ్లది కన్నడ రాష్ట్రంలో, సాదలి దగ్గర పల్లె. నేనుండేది చింతామణిలో. పత్రిక పని మానేశాక నెలకు రెండు మూడుసార్లు బస్సెక్కి అక్కడికి పోవడం అలవాటైంది. ఆమెకు దగ్గు చిన్నప్పటి నుంచీ ఉంది. ఐదారేళ్ల వయసులో ఊపిరితిత్తులకు గట్టి జబ్బు చేసి బతికిందట. అప్పటి మచ్చ లోపల ఉండిపోయింది. చిక్కబళ్లాపురం డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. గాలి పోయే గొట్టాలు కొన్ని చోట్ల వదులై సంచుల్లా సాగిపోయాయి, అక్కడ కఫం చేరి కదలదు, కదలని కఫం మళ్లీ మళ్లీ చెడుతుంది. పైగా మిగతా గొట్టాలు చిన్నదానికీ పెద్దదానికీ బిగుసుకునే రకం. "ఒక చోట వదులు, ఒక చోట బిగువు," అన్నది డాక్టరమ్మ. అక్క నా చెవిలో, "మీ బావ కట్టిన మంచం మాదిరి," అన్నది.

గొట్టాలు తెరిచే మందును ఆమె మిషనుతో పీల్చడం కొన్నేళ్లుగా ఉన్నదే. ఆ మిషను బాగేపల్లిలో మా చిన్నమ్మ ఇంటి నుంచి వచ్చింది. అక్కడి పిల్లవాడికి ఆయాసం తగ్గిపోయి, మిషను అటక మీద ఉంటే తెచ్చుకున్నాం. దాంతో వచ్చిన మాస్కు చిన్నపిల్లలది, చేప ముఖం ఆకారంలో ఉండేది. అక్క దాన్ని ఒక పంట కాలం వాడింది. అది పెట్టుకుని వరండాలో కూర్చుంటే బావ, "చెరువులోకి ఇడిసిపెట్టి వస్తునా?" అని అడిగేవాడు. పెద్దవాళ్ల మాస్కు నేను చింతామణిలో కొన్నాక కూడా ఆమె ఆ చేపను పారేయలేదు. గూట్లో దేవుడి పటాల పక్కన పెట్టింది.

మొన్నటి చలికాలం కఫం మరీ చిక్కబడింది. జిగురుకు కట్టెపుల్ల పెట్టి లాగినా రానట్టు ఉండేది. అప్పుడు డాక్టరమ్మ రెండో మందు చేర్చింది. కఫాన్ని పలుచన చేసే మందు. అది కూడా అదే మిషనులో ఆవిరిగా పీల్చాలి. ఆమె చెప్పింది నాకు బాగా గుర్తు. ఆమెది పడమటి ఘట్టాల అవతలి ఊరు. ఇక్కడి రోగుల దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి మా మాటే మాట్లాడుతుంది, మధ్యలో కన్నడం వస్తుంది.

"నోడి అమ్మా, ముందు పాత మందు. అది గొట్టాలు తెరుస్తుంది. పావుగంట ఊరికే కూచోండి. ఆమీద కొత్తది. అది కఫం కరిగిస్తుంది. ఆమీద నేను చూపించినట్ల దగ్గి కక్కేయండి. కొత్తది ఒక్కోసారి గొట్టాలను బిగిస్తుంది, అందుకే తెరిచినాక దాన్ని పంపాల. ఆయ్తా?"

అక్క అడిగింది. "రెండూ ఒకే కప్పులో కలిపి పోసుకుంటే కాదా డాక్టరమ్మా? పురుగులుండాయి. అంతసేపు కూచోను కాదు."

"కొందరికి కలిపే ఇస్తాం. మీకు వద్దు. మీవి ఊరికే బిగుసుకునే గొట్టాలు. ముందు తెరుచుకున్నాయని మీకే తెలియాల, ఆమీదే రెండోది."

అక్క తలూపింది. నేను పక్కన కూర్చుని అంతా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఎవరు ఏం చెప్పినా రాసుకోవడం నలభై ఏళ్ల అలవాటు.

ఇంటికొచ్చాక ఆమె కోసం దాన్ని శుభ్రంగా ఒక కాగితం మీద తిరగరాశాను. కన్నడ అక్షరాల్లో, తెలుగు మాటల్లో. మా ఇంట్లో అందరం చదివింది కన్నడ బడి. తెలుగు మాట్లాడేవాళ్లమే గానీ అక్షరాలు ఎవరికీ రావు. నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. అక్క పెళ్లై పోయాక మేమిద్దరం రాసుకున్న ఉత్తరాలన్నీ అట్లాగే ఉండేవి, మాట తెలుగు, రాత కన్నడం.

ఆ కాగితం మీద అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, కొత్త మందు గురించి రాశాను. గాజు సీసాది, రోజుకు రెండుసార్లు, విరిచిన వెంటనే వాడాలి, మిగిలింది దాచకూడదు, చెడు వాసన వస్తుంది, భయపడవద్దు. దాని కింద దగ్గే పద్ధతి. అన్నిటికంటే కింద, చివరి వరుసగా, "దీనికి ముందు పాత మందు ఎప్పటిలాగే, పావుగంట ఆగి." పత్రికలో వార్త రాసే తీరు అది. కొత్త సంగతి పైన, పాత సంగతి కింద. చోటు చాలకపోతే డెస్కులో కింది నుంచి కోస్తారు, ముఖ్యమైంది మిగులుతుంది. ఎన్ని వేల వార్తలు అట్లా రాశానో. మందుల కాగితం వార్త కాదని నాకు తట్టలేదు.

అక్క ఆ కాగితాన్ని తడవకుండా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టింది. కవరు చిన్నది. చివరి వరుస వెనక్కి మడత పడింది.

అయినా డాక్టరమ్మ చెప్పింది విన్నది కదా అని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను, తర్వాత. విన్నది నిజమే. గుర్తున్నదీ నిజమే. కానీ ఆ పొద్దున ఆమె తల నిండా పురుగులే ఉన్నాయి.

పురుగుల ఇంటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. బీడీ తాగినవాడు లోపలికి పోకూడదు. తలకు వాసన నూనె రాసుకున్న మనిషి పోకూడదు. గడప దగ్గర మందు నీళ్లలో కాళ్లు తడుపుకోకుండా ఎవరూ పోకూడదు. ఒకసారి మా ఆవిడ మల్లెపూలు పెట్టుకుని పోతే అక్క గడపలోనే ఆపి పూలు తీయించింది, తిరిగి పోయేటప్పుడు అవే పూలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. అట్లాంటి మనిషికి కుళ్లుగుడ్డు వాసన వేసే మందు ఇచ్చాం. అది పీల్చాక తల మీద నుంచి నీళ్లు పోసుకుని, చీర మార్చుకుని గానీ ఆమె పురుగుల ఇంట్లోకి పోదు. పాత మందుకు వాసన లేదు. కాబట్టి ఆమె లెక్క ఇది: వాసనది ముందు పీల్చేసి, స్నానం చేసి, శుభ్రమైన బట్టల్లో వాసన లేనిది పీల్చి, అటునుంచి అటే లోపలికి పోయి మొదటి మేత వేయించవచ్చు. ఒక స్నానంతో పని అయిపోతుంది.

దానికి తోడు వాళ్ల అత్తగారు నేర్పిన సూత్రం ఒకటి. చెత్త తీయకుండా మేత వేయకూడదు. పాత ఆకు, పెంటికలు ఎత్తేశాకే కొత్త ఆకు. తట్టల్లో మేపే రోజుల్లో అది దినదినం చేసే పని. ఇప్పుడు స్టాండ్ల మీద కొమ్మలే వేస్తారు, చెత్త తీయడం తగ్గింది. సూత్రం మాత్రం ఆమె చేతుల్లో ఉండిపోయింది. కఫం చెత్త. అది తీసే మందు ముందు. ఊపిరికి బలమిచ్చేది తర్వాత. ఆమెకు ఇందులో అనుమానానికి చోటే కనపడలేదు.

ఆస్పత్రిలో గాలి గొట్టం పెట్టి, సూది వేసి, మధ్యాహ్నానికి నిలబెట్టారు. డాక్టరమ్మ వచ్చి, "ఏది ముందు పీల్చినారు?" అని అడిగింది. నేను జేబులో నుంచి కాగితం తీసి ఇచ్చాను. వచ్చేటప్పుడు స్టూలు కింద దొరికింది. ఆమె కవరు తీసి, మడత విప్పి, పై నుంచి కింది దాకా చదివింది. పెన్ను తీసి చివరి వరుస పక్కన ఒకటి అని, మొదటి వరుస పక్కన రెండు అని అంకెలు వేసి నాకు తిరిగి ఇచ్చింది. నా జీవితంలో నా రాతను అంత తక్కువ సిరాతో దిద్దినవాళ్లు ఎవరూ లేరు.

"తప్పు నాదే డాక్టరమ్మా," అంది అక్క మంచం మీద నుంచి. "తమ్ముడు బాగానే రాసినాడు."

నేను నోరు తెరిచాను. అంతలో ఆమె ఫోను అడిగింది. బావకు చేయమంది.

"లేచినాయా?" అన్నది. పలకరింపు కూడా లేదు.

అటు నుంచి బావ గొంతు నాకూ వినిపించింది. "నువ్వు లేచినావా?"

"నన్ను ఇడువు. తల దించినాయా ఇంగా ఎత్తుకోనుండాయా?"

"ముక్కాలు భాగం దించినాయి."

"అయితే వేయొద్దు. ఇంగో గంట చూడు. తలుపు పక్క స్టాండుది వెనకబడి ఉంటాది, దాన్ని చూసి వేయి. లేత కొమ్మలు వేయి. పొడి చల్లినావా?"

"చల్లినా."

"ముక్కుకు గుడ్డ కట్టుకున్నావా?"

బావ, "నువ్వా నన్ను అడిగేది?" అన్నాడు.

ఆ రెండు రోజులూ ఆమె ఆస్పత్రి మంచం మీద నుంచే పురుగులు మేపింది. పక్క మంచం ఆవిడ మొదట చిన్నపిల్లల గురించి అనుకుని, "ఎంతమందమ్మా మీకు?" అని అడిగింది. అక్క ఆలోచించి, "ఈసారి తక్కువే," అన్నది.

మూడో రోజు ఇంటికి పోయేముందు డాక్టరమ్మ చెప్పిన మాట అసలు మాట. అక్క ఊపిరితిత్తులకు పాత మచ్చ ఉన్నది నిజమే గానీ, గొట్టాలు ఇంతగా బిగుసుకోవడానికి పురుగుల ఇల్లే కారణం కావచ్చు. సున్నం కావచ్చు, చల్లే పొడి కావచ్చు, పంటకూ పంటకూ మధ్య కడిగే బ్లీచింగ్ కావచ్చు, పురుగుల మీది నుంచి లేచే ధూళి కావచ్చు. ఏదీ కాకపోనూ వచ్చు. తెలుసుకోవాలంటే మూడు నెలలు పురుగులు మాని చూడాలి. "మూడు నెలలు, అంతే. ఊపిరి ఎంత వస్తుందో నేను ఊదించి చూస్తాను. అప్పుడు తెలుస్తుంది."

కారులో వస్తున్నంతసేపూ అక్క కిటికీ బయటికే చూసింది. ఆమె భయం నాకు తెలుసు. మందులకు భయపడే మనిషి కాదు, సూదికీ భయపడదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఆ ఇంటికి వచ్చింది. అత్తగారు పురుగుల ఇంటి తాళం ఆమె చేతికిచ్చిన రోజు గురించి ఆమె చెప్పినంత ఇష్టంగా పెళ్లి రోజు గురించి కూడా చెప్పదు. ఊళ్లో ఎవరి పురుగులకు పాలు రోగం తగిలినా ముందు ఆమెనే పిలుస్తారు. ఒక పురుగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఇది బతుకుతుంది, ఇది బతకదు అంటుంది. ఆ ఇంటి నుంచి ఆమెను బయటికి పంపితే మిగిలే అక్క ఎవరో నాకూ ఊహకు రాలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే బావ చెప్పేశాడు. "ఈ పంటతో సాలు. స్టాండ్లు అమ్మేస్తా. రేషన్ అంగడి ఉండాది, పాలు పోసే రెండావులుండాయి, మనిద్దరికీ ఏం కావాల?"

"ఆవుల దగ్గర దగ్గు రాదా?" అంది అక్క.

"దగ్గొస్తే ఆవులకేం కాదు. నీకు దగ్గొస్తే నాకయితాది."

ఆమె నా వైపు చూసింది. నేను అప్పుడు కాగితం సంగతి చెప్పాను. తప్పు ఆమెది కాదు, నేను ముందుది చివర రాశానని, పత్రిక అలవాటని, మడతలో పడిందని. చెబుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు.

అక్క విన్నది. "డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తుండాది నాయనా. కానీ నువ్వు రాసినావు కదా. నువ్వు రాసినాక, ఆమె మళ్లీ మార్చి చెప్పిందేమో, నాకు వినపడలేదేమో అనుకున్నా. నువ్వు ఊరికే రాయవు కదా."

నలభై ఏళ్లు రాశాను. ఎవరు నమ్మారో ఎవరు నమ్మలేదో తెలియదు. నమ్మినవాళ్లలో ఒకరిని చూశాను.

బావకు ఈ మాటలు రుచించలేదు. ఆయన లేచి పురుగుల ఇంటి వైపు పోతూ మధ్యలో ఆగాడు. "ఒకటి అడుగుతా, చెప్పు. సున్నం చల్లేటప్పుడు కిటికీలు మూసి చల్తావా, తెరిచి చల్తావా?"

"తెరిచి. లేకుంటే ఊపిరాడదు కదా."

"చెత్త తీసేటప్పుడు?"

"అప్పుడూ తెరిచే."

"మరి? ముందు కిటికీ, ఆమీద చెత్త. నీ పురుగుల ఇంట్లోనే ఉండాది కదా ఈ సంగతి. ఈయప్ప కాగితం యాలా దీనికి?"

అక్క ఆయన వైపు కొంచెంసేపు చూసింది. ఆయన్ను అంత శ్రద్ధగా చూడటం నేను ఈ మధ్య ఎరగను. ఆ రోజు నుంచి ప్లాస్టిక్ గొట్టంది కిటికీ మందు, గాజుది కుళ్లుగుడ్డు మందు. పేర్లు పెట్టాక వరుస తప్పే ప్రశ్న లేకపోయింది.

ఒప్పందం కుదిరింది. ఉన్న పంట గూడెక్కేదాకా ఆమెదే. తర్వాతి సంగతి తర్వాత. పొడులు చల్లడం, సున్నం, కడగడం అన్నీ బావవి. ఆమె లోపలికి పోవాలంటే ముక్కుకు మాస్కు. వేకువనే కిటికీ మందు. పావుగంట ఊరికే కూర్చోవడం అన్నిటికంటే కష్టమైంది. ఆ పావుగంటలో ఆమె మల్బరీ ఆకు తుంపేది, నేను లాక్కునేవాణ్ని. తర్వాత కుళ్లుగుడ్డు మందు, వరండాలో గాలి అటు పోయే చివర. తర్వాత డాక్టరమ్మ చూపించినట్టు దగ్గడం. గట్టిగా గొంతు చీల్చుకుని కాదు, అద్దం మీద ఆవిరి పట్టించేందుకు నోరు తెరిచి హా అని ఊదినట్టు, రెండు మూడుసార్లు, ఆగి మళ్లీ. కఫం వచ్చేది. నీళ్ల మాదిరి కాదు గానీ, పట్టు విడిచి వచ్చేది. అక్క దాన్ని చూసి, "లేచినాయి," అనేది. తర్వాత స్నానం. తర్వాతే లోపలికి.

ఒక వేకువ కరెంటు లేదు. మిషను తిరగలేదు. ఆమె రెండు మందులూ స్టూలు మీద పక్కపక్కన పెట్టుకుని గంటసేపు ఒక్కదాన్నీ ముట్టకుండా కూర్చుంది. నొక్కితే గొట్టాలు తెరిచే మందు చిమ్మే చేతి పంపు ఒకటి, ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ అట్లాంటి రోజులకే ఇచ్చింది. దాంతో కిటికీ తెరుచుకుంది. కరెంటు వచ్చాక రెండోది పీల్చింది. "మేత ఆలస్యం కాలేదా?" అని అడిగితే, "పురుగులకు ఆకలైతే చావవు, వరుస తప్పితే చస్తాయి," అన్నది. అది పురుగుల గురించో కాదో నేను అడగలేదు.

ఎనిమిదో రోజుకు పురుగులు పండాయి. పండటమంటే ఒళ్లు పసుపుగా, అద్దంలా మారి, మేత మాని, తల ఊపుతూ చోటు వెతకడం. వాటిని ఏరి చంద్రికెల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు తడికెల మీద వదలాలి. ఊళ్లో ఆడవాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకావిడ, "అమ్మా, మురుగమల్ల దర్గాకు పోయి రా ఒకసారి, ఊపిరి పోయినోళ్లు కూడా నడిచి వస్తాండారు," అన్నది. "పోతా," అంది అక్క, "పురుగులు గూడెక్కనీ." మాస్కు వెనక నుంచి వచ్చిన మాట కాబట్టి ఆమెకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ రోజంతా అక్క నిలబడి ఏరింది. మధ్యలో ఒకసారి బావ వచ్చి ఆమె వెనక నిలబడి ఊపిరి విని పోయాడు. అది నేను చూశానని ఆయనకు తెలియదు.

గూళ్లు బాగా వచ్చాయి. గట్టిగా, తెల్లగా, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పురుగు టకటకమనేలా. శిడ్లఘట్ట మార్కెట్టుకు బావే తీసుకుపోయాడు. అక్క ఒక గూడు నాకు ఇచ్చి, "మీ డాక్టరమ్మకు ఇయ్యి," అన్నది.

ఇచ్చాను. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టుకుని, అక్కను గొట్టంలో ఊదమంది. మూడుసార్లు ఊదించింది. మొన్నటికంటే మేలని చెప్పింది. మందులు వరుసగా పడుతున్నందుకు మేలా, పొడులు ముట్టనందుకు మేలా, మాస్కు వల్లా, చలి తగ్గినందువల్లా అని నేను అడిగాను. అడగడం వృత్తి.

"చెప్పలేను," అన్నది ఆమె. "అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో ఎట్ల చెప్పేది? మూడు నెలలు పురుగులు లేకుండా చూస్తే చెప్తాను."

అక్క గూడు చేతిలోకి తీసుకుని, "దీన్ని వేడి నీళ్లలో వేయొద్దండి, లోపల ప్రాణముండాది, నాలుగు దినాలకు సీతాకోకచిలక బయటికొస్తాది," అని డాక్టరమ్మకు చెప్పి మళ్లీ బల్ల మీద పెట్టింది.

బావ స్టాండ్లు అమ్మలేదు. అమ్ముతానన్నాడు గానీ అడగడానికి వచ్చినవాళ్లతో ధర మాట్లాడేటప్పుడు ఆయనే మధ్యలో లేచిపోయేవాడు. ఒప్పందం గడువు తీరిపోయిందని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను పోయిన వారం పోయినప్పుడు పురుగుల ఇల్లు కడిగి, తలుపులు బార్లా తెరిచి ఎండబెట్టారు. కడిగింది బావ. అక్క వరండాలో కిటికీ మందు పీలుస్తూ, ఫోనులో చాకీ పురుగులకు చెప్పేస్తోంది. చాకీ అంటే రెండు జ్వరాలు దాటించి రైతులకు అమ్మే పిల్ల పురుగులు. మిషను మోతలో అటు మనిషికి వినిపించక ఆమె మాస్కు ఎత్తి ఒక మాట, దించి ఒక ఊపిరి చొప్పున మాట్లాడింది. బావ గడపలో నిలబడి అంతా విన్నాడు. ఫోను పెట్టేశాక, "ఎన్ని చెప్పినావు?" అని మాత్రం అడిగాడు.

"సగమే," అంది అక్క.

నేను వరుస మార్చి మళ్లీ రాసిన కాగితం ఇప్పుడు మిషను పైన గోడకు అతికించి ఉంది. ఒకటి పైన, రెండు కింద. పురుగులు వచ్చే మంగళవారం వస్తాయి. ఆ ఇంట్లో పురుగులు లేకుండా మూడు నెలలు ఎప్పుడూ గడవలేదు కాబట్టి, అవి లేకపోతే అక్క ఊపిరి ఎట్లా ఉంటుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.